శస్త్రచికిత్స ముగిశాక: దిగువ కృష్ణా డెల్టాలో గుండె రోగుల దీర్ఘకాలిక స్వస్థత – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గుండె శస్త్రచికిత్స చరిత్రను సాధారణంగా వైద్యుల విజయాల వరుసగా, యంత్రాల ప్రగతిగా రాస్తారు. శస్త్రచికిత్స తరువాత వారాల తరబడి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఉండి, ఇంటికి చేరి, నెలల తరబడి కోలుకునే రోగి కాలానికి ఆ చరిత్రలో చోటు తక్కువ. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఆ కాలాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. గత ఆరు దశాబ్దాలలో శస్త్రచికిత్స ఈ ప్రాంతానికి క్రమంగా చేరువైందని, స్వస్థత భారం మాత్రం అధికభాగం కుటుంబం మీదనే నిలిచిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గుండె శస్త్రచికిత్స, ఇంటెన్సివ్ కేర్, స్వస్థత, పథ్యం, ఆరోగ్యశ్రీ, ఆరోగ్య ఆసరా, కృష్ణా డెల్టా.

1. ప్రవేశిక:

ప్రాణాలతో బయటపడటం వేరు, కోలుకోవడం వేరు. ఈ తేడాను దివిసీమ 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో చూసింది. ఆ విపత్తులో మరణించినవారి సంఖ్య అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000. చనిపోయినవారి లెక్క తేలిన తరువాత కూడా, ఉప్పునీరు నిలిచిన పొలం మళ్లీ పంటకు రావడం, పడవా వలా పోగొట్టుకున్న మత్స్యకారుడు మళ్లీ వేటకు వెళ్లడం వంటి పనులు మిగిలే ఉన్నాయి. వాటికి పట్టే కాలం వేరు, వాటికి కావలసిన సహాయం వేరు.

వైద్యంలోనూ ఇటువంటి తేడా ఉంది. గుండెకు శస్త్రచికిత్స జరిగిన రోగులలో అధికశాతం కొద్ది రోజులలోనే ఇంటెన్సివ్ కేర్ విభాగం నుంచి సాధారణ వార్డుకు వస్తారు. కొందరిలో మాత్రం ఊపిరితిత్తుల వైఫల్యం, ఇన్ఫెక్షన్, మూత్రపిండాల వైఫల్యం, పక్షవాతం వంటి ఉపద్రవాలు తలెత్తుతాయి. వారు వెంటిలేటర్ మీద వారాల పాటు ఉండవలసి వస్తుంది. ఆసుపత్రి దృష్టిలో వారు డిశ్చార్జి అయిన రోజున చికిత్స ముగుస్తుంది. కుటుంబం దృష్టిలో అసలు పని ఆ రోజునే మొదలవుతుంది. ఈ రెండు దృష్టుల మధ్య దూరం ఎలా ఏర్పడిందో, దాన్ని తగ్గించడానికి ఏ ప్రయత్నాలు జరిగాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. ప్రాంతం – వైద్య నేపథ్యం:

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం వరకు ఉన్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి ఇందులోని ప్రధాన కేంద్రాలు. దీనికి ఈశాన్యంగా సముద్రతీరాన మచిలీపట్నం, ఇంకా లోపలికి గుడివాడ ఉన్నాయి. 1908లో ఏర్పడిన బెజవాడ–మచిలీపట్నం రైలుమార్గం గుడివాడ మీదుగా సాగుతుంది. దివిసీమకు రైలుమార్గం లేదు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి వంటి దీవులవారు నదిని పంటు మీద దాటవలసిందే. ఈ భౌగోళిక స్థితి అత్యవసర వైద్యానికి ఎంత ముఖ్యమో, డిశ్చార్జి అనంతరం పదేపదే ఆసుపత్రికి వెళ్లవలసిన రోగికీ అంతే ముఖ్యం.

ఈ ప్రాంతానికి వైద్యంతో అనుబంధం కొత్తది కాదు. 20వ శతాబ్ది తొలినాళ్లలో భోగరాజు పట్టాభిసీతారామయ్య మచిలీపట్నంలో వైద్యవృత్తి సాగించి, తరువాత జాతీయోద్యమానికి అంకితమయ్యారు. గుడివాడలో 1945లో స్థాపితమైన హోమియో వైద్య కళాశాల నేడు డాక్టర్ గురురాజు పేరుతో ప్రభుత్వ కళాశాలగా నడుస్తున్నది. నేటి కృష్ణా జిల్లాలోని పెదముత్తేవిలో 1925లో జన్మించిన కాకర్ల సుబ్బారావు మచిలీపట్నం హిందూ కళాశాలలో చదివి, రేడియాలజీలో అంతర్జాతీయ ఖ్యాతి పొందారు. గుడివాడకు చేరువలోని నిమ్మకూరుకు చెందిన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఆయన ఆహ్వానం మీద అమెరికా నుంచి వచ్చి హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు తొలి సంచాలకులయ్యారు. రాజధానిలో ఉన్నతస్థాయి వైద్యానికి రూపమిచ్చిన ఈ ఇద్దరూ డెల్టా పల్లెలలో పుట్టినవారే. ఆ వైద్యం కోసం డెల్టా రోగి మాత్రం చాలాకాలం రాజధానికి వెళ్లవలసి వచ్చింది.

3. శస్త్రచికిత్స చేరువైన క్రమం:

1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్–లంగ్ యంత్రం సహాయంతో గుండె లోపలి రంధ్రాన్ని విజయవంతంగా మూసివేశారు. ఓపెన్ హార్ట్ శస్త్రచికిత్సకు అది ఒక మైలురాయి. దేశంలో జరిగిన తొలి ఓపెన్ హార్ట్ శస్త్రచికిత్సలలో ఒకటి 1961లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జరిగింది. 1975లో మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో కె.ఎం. చెరియన్ దేశంలోనే మొదటి కరోనరీ బైపాస్ చేశారు. ఆ దశలో డెల్టా రోగికి గుండె ఆపరేషన్ అంటే వేలూరు లేదా మద్రాసు ప్రయాణం. దక్షిణానికి రైలు ఎక్కగలిగిన కుటుంబానికే ఆ చికిత్స అందేది.

గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం పేద కుటుంబాల పిల్లలలో, యువతలో అధికంగా కనిపించే వ్యాధి. కవాట మార్పిడి ఖరీదైన చికిత్సగా ఉన్న కాలంలో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన స్వదేశీ కవాటాన్ని 1990 డిసెంబర్‌లో తొలిసారి రోగికి అమర్చారు. 1991 నవంబర్ 22న పుట్టపర్తిలో ప్రారంభమైన సత్యసాయి ఉన్నత వైద్యశాలలో గుండె శస్త్రచికిత్సలు ఉచితంగా జరగసాగాయి.

అసలైన మార్పు ఆరోగ్యశ్రీతో వచ్చింది. ఈ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, 2008 జూలై నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు, అవసరాన్ని బట్టి మరో 50,000 రూపాయల వరకు చికిత్స వ్యయాన్ని ప్రభుత్వం భరించింది. తెల్లకార్డు గల కుటుంబానికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ అప్పటికే అత్యవసర ప్రయాణాన్ని సులభతరం చేసింది. 2015లో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే నాయకత్వంలో గుండె శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. మరుసటి ఏడు అక్కడే గుండె మార్పిడి కూడా జరిగింది. 2023లో మచిలీపట్నంలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

వేలూరు నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి విజయవాడ, గుంటూరులకు చికిత్స దగ్గరవుతూ వచ్చింది. అయితే ఈ విస్తరణలో ప్రభుత్వ చెల్లింపుకు ప్రమాణం శస్త్రచికిత్స. ఒక్కొక్క చికిత్సకు ముందుగా నిర్ణయించిన మొత్తం ఉంటుంది. డిశ్చార్జి తరువాత కొద్ది రోజుల మందులు, ఎంపిక చేసిన వ్యాధులకు తదుపరి పరీక్షల ప్యాకేజీలు కూడా కాలక్రమంలో చేరాయి. కవాట మార్పిడి జరిగిన రోగికి ఈ తదుపరి ప్యాకేజీల వల్ల మేలు జరిగింది. కానీ నడక మరిచిపోయిన కాళ్లకు వ్యాయామం, మింగలేని గొంతుకు శిక్షణ, కలత చెందిన మనసుకు సాంత్వన ఆ లెక్కలో విడిగా కనిపించవు.

4. ఇంటెన్సివ్ కేర్: బతికినవారి సమస్య

ఇంటెన్సివ్ కేర్ ఆవిర్భావానికి 1952 నాటి కోపెన్‌హేగన్ పోలియో వ్యాధి కారణం. శ్వాస కండరాలు చచ్చుబడిన రోగుల గొంతులో గొట్టం అమర్చి, చేత్తో సంచిని నొక్కుతూ గాలి పంపే పద్ధతిని మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ ప్రవేశపెట్టారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చొని ఆ పని చేశారు. మరణాలు గణనీయంగా తగ్గాయి. ఆ అనుభవం నుంచే మరుసటి ఏడాది అదే నగరంలో తీవ్ర రోగులకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. గుండె శస్త్రచికిత్స, ఇంటెన్సివ్ కేర్ దాదాపు ఒకే కాలంలో పుట్టి, ఒకదాన్ని ఆసరా చేసుకొని మరొకటి ఎదిగాయి.

వాటితోపాటే బతికినవారి సమస్య కూడా వెలుగులోకి వచ్చింది. కృత్రిమ కవాట రూపకర్తలలో ఒకరైన శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ స్టార్, మనోవైద్యుడు పాల్ బ్లాచ్లీతో కలిసి 1964లోనే గుండె శస్త్రచికిత్స తరువాత కలిగే మతిభ్రమ గురించి పత్రం ప్రచురించారు. 1965లో డొనాల్డ్ కార్న్‌ఫెల్డ్ బృందం ఇదే స్థితిని పరిశీలించి, రోగిని ఉంచిన గది వాతావరణాన్ని, నిద్రలేమిని కారణాలలో చేర్చింది. పగలూ రాత్రీ ఒకేలా వెలిగే దీపాలు, ఆగని యంత్రాల చప్పుడు, తెలిసిన ముఖం కనబడకపోవడం రోగి స్పృహను చెదరగొడతాయి.

తెలుగువారికి ఈ స్థితి 'సంధి' అన్న మాటతో చిరకాలంగా పరిచితం. తీవ్ర జ్వరంలో మాటలు తప్పడాన్ని సంధి ప్రేలాపన అంటారు. ఐ.సి.యు. నుంచి వచ్చిన రోగి గోడ మీద మనుషులు కనిపిస్తున్నారని చెప్పినా, నర్సులు తనను చంపబోయారని నమ్మినా, కుటుంబం దాన్ని గాలి సోకడంగానో మతి చెడటంగానో భావించే ప్రమాదం ఉంది. రోగి కూడా పిచ్చివాడంటారేమోనన్న భయంతో ఆ జ్ఞాపకాలను దాచుకుంటాడు. ఇది తీవ్ర చికిత్సలో తరచుగా కనిపించే స్థితి అనీ, చాలామందిలో క్రమంగా తగ్గుతుందనీ డిశ్చార్జికి ముందు ఒక్క మాట చెప్పగలిగితే ఇంటిలో చాలా భయం తొలగుతుంది.

శరీరం సంగతి తరువాత తెలిసింది. 1984లో కెనడా నాడీవైద్యుడు చార్లెస్ బోల్టన్ బృందం, తీవ్ర అనారోగ్యంలో నరాలే దెబ్బతిని అవయవాలు బలహీనపడటాన్ని వివరించింది. 2013లో ప్రచురితమైన ఒక బ్రిటన్ అధ్యయనంలో, ఇంటెన్సివ్ కేర్‌లోని రోగుల తొడ కండర పరిమాణం పది రోజులలో సగటున సుమారు 18 శాతం తగ్గినట్లు తేలింది. కెనడాలో మార్గరెట్ హెరిడ్జ్ బృందం తీవ్ర శ్వాసవైఫల్యం నుంచి బతికిన 109 మందిని అనుసరించి, ఏడాది తరువాత వారిలో సుమారు సగం మంది మాత్రమే పనికి తిరిగి వెళ్లారని 2003లో వెల్లడించింది. వారు గుండె శస్త్రచికిత్స రోగులు కారు. అయినా వెంటిలేటర్ మీద దీర్ఘకాలం గడిపినవారి శరీరస్థితి గురించి ఆ అధ్యయనం ఎంతో తెలియజేసింది.

2010లో అమెరికాలో జరిగిన నిపుణుల సమావేశం ఈ అంశాలన్నింటినీ కలిపి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది. శరీర బలహీనత, జ్ఞాపకశక్తి–ఏకాగ్రతల లోపం, మానసిక వ్యథ దీని మూడు ముఖాలు. కుటుంబ సభ్యులకు కలిగే ఆందోళనను, కుంగుబాటును కూడా అదే భావన కిందికి తెచ్చారు. రోగికి చేసే సేవ సంరక్షకుల ఆరోగ్యాన్ని కూడా దెబ్బతీస్తుందని వైద్యం ఆ విధంగా అంగీకరించింది.

5. విశ్రాంతి, పథ్యం: మారిన వైద్యం – మారని నమ్మకం

రోగిని మంచం దిగనివ్వకూడదన్న అభిప్రాయం తెలుగు ఇళ్లకే పరిమితం కాదు. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి పడుకోబెట్టడం 20వ శతాబ్ది పూర్వార్ధంలో పాశ్చాత్య వైద్యంలోనూ నియమమే. 1947లో రిచర్డ్ ఆషర్ మంచాన పడి ఉండటంలోని ప్రమాదాల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1952లో శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లోన్ గుండెపోటు రోగులను తొలిరోజుల్లోనే కుర్చీలో కూర్చోబెట్టే చికిత్సను ప్రతిపాదించారు. 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం గుండెరోగుల పునరావాసంపై నివేదిక వెలువరించింది. రోగి శరీరాన్ని తిరిగి పనికి సిద్ధం చేయడం చికిత్సలో భాగమన్న భావన ఆ విధంగా స్థిరపడింది.

డెల్టా ఇళ్లలో స్వస్థతను నియంత్రించే మరో వ్యవస్థ పథ్యం. 'లంఖణం పరమౌషధం' అన్న సామెత జ్వరాల కాలంలో పుట్టింది. కోత ఉన్నవారు పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకం తెలుగు పల్లెలలో నేటికీ వినిపిస్తుంది. గుడ్డు, చేప కూడా ఇదే కారణంతో కొన్ని ఇళ్లలో నిషిద్ధమవుతాయి. కండరాలు కరిగిపోయి వచ్చిన రోగికి మాంసకృత్తులు అత్యవసరమైన సమయంలోనే వాటిని దూరం పెట్టడం జరుగుతుంది. చారు అన్నం, మజ్జిగ అన్నంతో నెలలు గడిపిన శరీరం తిరిగి బలం పుంజుకోవడం కష్టం. చేపలకు పేరు పొందిన ప్రాంతంలో రోగి పోషకాహార లోపంతో ఉండటం పేదరికం వల్లనే జరగనక్కరలేదు, ప్రేమతో పెట్టిన పథ్యం వల్ల కూడా జరగవచ్చు.

పథ్యాన్ని మూఢనమ్మకంగా కొట్టివేయడం వల్ల ప్రయోజనం లేదు. రోగి ఆహారాన్ని క్రమశిక్షణతో గమనించే అలవాటు అందులో ఉంది. ఆ అలవాటును సరైన విషయాల వైపు మళ్లించడమే అవసరం. ఎండుచేప, ఊరగాయలలోని ఉప్పు గుండె బలహీనమైనవారికి హాని చేస్తుంది. అక్కడ పథ్యం మేలుచేస్తుంది. లోహ కవాటం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. ఆకుకూరలలోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. అటువంటివారు తోటకూర, గోంగూర పూర్తిగా మానవలసిన పని లేదు. ఒక వారం అతిగా, మరో వారం అసలే లేకుండా కాక, నిలకడగా ఒకే మోతాదులో తీసుకోవాలి. 'తినకూడదు' అన్న మాట చెప్పడం సులువు, 'ఇంత తినాలి' అని వివరించడానికి సమయం కావాలి.

6. తిరిగి పనిలోకి: స్వస్థతకు వెల

శస్త్రచికిత్సలో కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి సుమారు రెండు మూడు నెలలు పడుతుంది. ఆ కాలంలో బరువులెత్తడం, గట్టిగా లాగడం, నెట్టడం వైద్యులు వారిస్తారు. ఈ నియమాన్ని డెల్టా వృత్తులతో కలిపి చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. వరినాట్లు, ధాన్యపు బస్తాల మోత, చేపల చెరువులో వలలాగుడు, సముద్రపు వేట, పెడన కలంకారీ అద్దకంలో అచ్చును చేత్తో గుద్దడం, బిందెతో నీరు మోయడం – ఇవన్నీ రొమ్ము మీద, భుజాల మీద భారం మోపే పనులే. చిలకలపూడి నకిలీ నగల పనిలో బరువులు తక్కువైనా వేళ్ల పట్టు, చూపు, ఏకాగ్రత కావాలి. దీర్ఘకాలం వెంటిలేటర్ మీద ఉన్నవారిలో దెబ్బతినేవి కూడా ఇవే. కార్యాలయ ఉద్యోగికి వైద్య సెలవు ఉంటుంది. దినకూలీకి విశ్రాంతి అంటే ఆదాయం లేకపోవడమే.

ఈ అంశాన్ని ప్రభుత్వం గుర్తించిన సందర్భం 2019 డిసెంబర్ 2న గుంటూరులో ప్రారంభమైన ఆరోగ్య ఆసరా పథకం. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొంది విశ్రాంతి తీసుకునేవారికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు జీవనభృతిగా ఇవ్వాలని నిర్ణయించారు. ఆ ఆర్థిక సంవత్సరంలో రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 211 రూపాయలు. కూలి చేయలేని రోజుకు కూలితో పోల్చదగిన మొత్తం లభించిందన్నమాట. శస్త్రచికిత్సకు మాత్రమే ఉన్న వెల, స్వస్థత దినాలకు కూడా ఏర్పడటం ఈ ప్రాంత వైద్య చరిత్రలో గుర్తించవలసిన మలుపు.

దాని పరిమితి కూడా అక్కడే ఉంది. భృతిని డిశ్చార్జి అయిన 48 గంటలలో ఖాతాలో జమచేయాలన్నది నియమం. వేగం రీత్యా ఇది మెచ్చదగినది. కానీ డిశ్చార్జి నాడే మొత్తం నిర్ణయమవుతున్నదంటే, విశ్రాంతి కాలాన్ని ముందుగానే అంచనా వేసినట్లు. వారంలో ఇంటికి వచ్చిన బైపాస్ రోగి విషయంలో అది సాధ్యం. నలభై రోజులు ఐ.సి.యు.లో ఉండి వచ్చిన రోగి ఎప్పుడు లేచి నడుస్తాడో డిశ్చార్జి నాడు ఎవరూ చెప్పలేరు. అదీగాక పథకం రోగి కోల్పోయిన కూలిని గుర్తించింది. అతని కోసం పని మానుకున్న భార్య, తల్లి లేదా కూతురి కూలిని గుర్తించలేదు. రోగిని లేపడం, తిప్పి పడుకోబెట్టడం, పుండ్లు పడకుండా చూడటం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం వంటి నర్సు పనులు ఇంటికి చేరాక సాధారణంగా స్త్రీల పనులవుతాయి.

2023 ఏప్రిల్ 6న ప్రారంభమైన కుటుంబ వైద్యుడు కార్యక్రమం ఈ ఖాళీని కొంత పూరించే అవకాశం చూపింది. వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వచ్చి, మంచాన ఉన్నవారిని ఇంటివద్దనే చూడాలన్నది అందులోని ఏర్పాటు. రక్తపోటు చూసి మందులివ్వడంతోపాటు, రోగి ఎన్ని అడుగులు నడిచాడు, ఏమి తిన్నాడు, రాత్రి నిద్రపోయాడా, చూసుకునేవారు ఎలా ఉన్నారు అన్న నాలుగు ప్రశ్నలు ఆ సందర్శనలో చేరితే, ఎదురుమొండి వంటి దీవిలోని రోగికి పంటు ప్రయాణం కొంతైనా తప్పుతుంది. ఫిజియోథెరపీ నిపుణుడు మచిలీపట్నం లేదా గుడివాడలో అందుబాటులో ఉంటే విజయవాడ ప్రయాణం తప్పుతుంది. వీటికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు.

7. ముగింపు:

ఆరు దశాబ్దాలలో దిగువ కృష్ణా డెల్టా రోగికి గుండె శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చింది. వేలూరు ప్రయాణం విజయవాడ, గుంటూరు ప్రయాణంగా మారింది. ఖర్చును ప్రభుత్వం పంచుకున్నది. ఇది నిస్సందేహంగా విజయమే. ఆ విజయం వల్లనే, ఒకప్పుడు బతికేవారు కాని రోగులు ఇప్పుడు బతికి, బలహీనమైన శరీరంతో, చెదిరిన జ్ఞాపకాలతో ఇంటికి వస్తున్నారు. వారి స్వస్థతను వైద్యశాస్త్రం 1964 నుంచి వివిధ దశలలో గుర్తించింది. ప్రభుత్వం 2019లో దానికి కొంత వెల కట్టింది. కుటుంబం మొదటి నుంచీ మోస్తూనే ఉన్నది.

మచిలీపట్నం వైద్య కళాశాలకు ఇప్పుడు ఒక అవకాశం ఉంది. దీర్ఘకాలం ఐ.సి.యు.లో గడిపి వచ్చిన రోగులను మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది ముగిసే నాటికి పరీక్షించే విభాగాన్ని అది నెలకొల్పగలదు. ఎంతమంది తిరిగి పనిలోకి వెళ్లారో, ఎంతమంది సంరక్షకులు పని మానుకున్నారో నమోదు చేయగలదు. శస్త్రచికిత్స ఫలితాన్ని డిశ్చార్జి నాటి స్థితితో కాక ఏడాది తరువాతి జీవితంతో కొలిచిననాడే ఈ ప్రాంతంలో గుండె వైద్య చరిత్ర సంపూర్ణమవుతుంది.